పైకి రాని మూడో తూటా

మా ఇంట్లో బేరం నా శాఖ. మద్రాసు సౌకార్‌పేటలో నాన్న పెట్టిన వెండి సామాన్ల కొట్టు ఇప్పుడు అన్నదీ నాదీ. అన్న గల్లా దగ్గర కూర్చుంటాడు. నాకు కూర్చోవడం చేతకాదు కాబట్టి తిరుగుతాను. అట్టపెట్టెలు, మఖమల్ గుడ్డ, ట్యూబులైట్లు, టీపొడి, కొట్టుకు ఏం కావాలన్నా తెచ్చేది నేనే. చెప్పిన ధరకు ఏదీ తెచ్చి ఎరగను. ధర చెవిన పడగానే మొహం ఎలా పెట్టాలో నాన్న నాకు అక్షరాలకంటే ముందు నేర్పాడు. చెప్పులు వేసుకుని గడప దాకా వెళ్ళి అక్కడ ఒక్క క్షణం ఆగడం ఆ తరువాత నేర్పాడు. ఆ క్షణంలో వెనక నుంచి పిలుపు రావాలి. రాకపోతే విద్య అబ్బనట్టు. నా పెళ్ళికి తెల్లవారుజామున ముహూర్తం పెట్టిన పురోహితుడితో కూడా గంటన్నర అటు జరపమని బేరమాడి, ముప్పావు గంట సాధించిన వాణ్ణి నేను.

ఈ ప్రతాపమంతా ఎందుకు చెబుతున్నానంటే, దీనితోనే ఒక పెద్దమనిషి ఉద్యోగం ఊడగొట్టబోయాను.

ఆయన మా కొట్టు కాపలాదారు. మిలిటరీ నుంచి వచ్చినప్పటి నుంచి మా తలుపు దగ్గర స్టూలు మీదే ఉన్నాడు. తొండియార్‌పేటలో కాపురం. నేను మామా అని పిలుస్తాను, ఆయన నన్ను చిన్నయ్యా అంటాడు, అన్నను పెద్దయ్యా అంటాడు. తుపాకీ ఆయన సొంతం, లైసెన్సూ ఆయన పేరు మీదే. పొద్దున కాన్వాసు సంచిలో పెట్టుకుని వస్తాడు, సాయంత్రం అందులోనే పెట్టుకుని పోతాడు. పక్క కొట్ల కాపలావాళ్ళవి రెండు గొట్టాల పాతకాలం తుపాకులు. మామది పంప్ యాక్షన్. కాల్చే గొట్టం కింద ఇంకో గొట్టం ఉంటుంది, అందులో నాలుగు తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. వాటి వెనక స్ప్రింగు. చెక్కతో చేసిన ముందు పట్టును ఎడమచేత్తో వెనక్కి లాగి ముందుకు తోస్తే స్ప్రింగు ఒక తూటాను వదులుతుంది, అది పైకి లేచి కాల్చే గొట్టంలోకి పోతుంది, అంతకుముందు అందులో ఉన్నది బయటపడుతుంది. అప్పుడు సర్రుక్‌మని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడంటే అన్నకు మహా ఇష్టం. ఒక్క తూటా పేల్చకుండా వీధంతటికీ మన సంగతి తెలుస్తుంది అనేవాడు.

సోమవారం సోమవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక జనం పలచబడ్డ వేళ, మామ అసలు తూటాలన్నీ తీసి బీరువాలో పెట్టించి, మందు లేని డమ్మీ తూటాలు నాలుగు ఎక్కించి పరీక్ష చేసేవాడు. సర్రుక్, సర్రుక్, సర్రుక్, సర్రుక్. ఇంకోసారి ఒట్టిగా లాగితే నాలుగూ బయటపడేవి. వాటిని ఏరి, తుడిచి, గుడ్డలో చుట్టేసేవాడు. ఎన్నో ఏళ్ళుగా ఇదే వరస.

మామ జీతంతోపాటు తుపాకీకి నూనె, తుడిచే గుడ్డ కొట్టు తరఫున ఇవ్వాలని నాన్న కాలం నాటి ఒప్పందం. వినాయక చవితి ముందు ఆయన ఖాళీ నూనె డబ్బా నా చేతిలో పెట్టాడు.

"అయిపోయింది చిన్నయ్యా. ఈసారి వచ్చినప్పుడు తెచ్చి పెట్టండి."

మౌంట్ రోడ్డు వెనక సందులో తుపాకుల కొట్టుంది. అక్కడి మేస్త్రీ మా తెలుగువాడే, అరవం కలిపి మాట్లాడతాడు. అరచేయంత డబ్బా బల్ల మీద పెట్టి ధర చెప్పాడు. నేను మొహం పెట్టాను.

"ఇంత డబ్బాకా? ఇందులో గంధం ఏమైనా కలిపారా?"

"గంధం లేదు సార్. తుపాకీ నూనె. ఒకటే రేటు."

"ఒకటే రేటని మా వీధిలో బోర్డు పెట్టినవాళ్ళు కూడా తగ్గిస్తారప్పా."

"ఇల్లే సార్, ఇది మీ వీధి కాదు."

చెప్పులు వేసుకున్నాను. గడప దగ్గర ఆగాను. మేస్త్రీ నా వైపు చూడనైనా చూడకుండా ఎవరిదో తుపాకీ విప్పి తుడుచుకుంటున్నాడు. అంత అవమానం నాకు జరిగి చాలా కాలమైంది. మెట్లు దిగేటప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ నూనె కొననని. నూనెకు నూనె. ఇంట్లో లేదా?

ఇంట్లో ఉంది. అమ్మ గానుగలో ఆడించి తెప్పించే కొబ్బరి నూనె, అద్దంలా ఉంటుంది. దాన్ని పలచటి బట్టలో వడగట్టి, పాత తుపాకీ నూనె డబ్బాలో నింపి, వాసన పట్టుకుంటాడేమోనని కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాను. ఆ జాగ్రత్తే అనవసరం. మామకు ముక్కుపొడి అలవాటు, ఎదురుగా చేపలు వేయించినా తెలియదు. డబ్బా చేతికిస్తే కళ్ళకద్దుకున్నంత పని చేశాడు. మరుసటి వారం, "మంచి నూనె తెచ్చినారు చిన్నయ్యా, చిక్కగా ఉండాది. పాతదానికంటే మేలు," అన్నాడు. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ తరువాత ఆ సంగతి పూర్తిగా మర్చిపోయాను. ఎవరినైనా గెలిచినవి నాకు గుర్తుంటాయి. ఇందులో గెలుపు నాకూ నాకూ మధ్యనే కాబట్టి గుర్తు లేకుండా పోయింది.

చవితి అయిన వారానికే అన్న కొట్టుకు గాజు తలుపులు, ఏసీ పెట్టించాడు. అన్నది భారీ శరీరం, గల్లా దగ్గర కూర్చునే చెమటలు కక్కేవాడు. ఏసీ వచ్చాక పద్దెనిమిది మీద పెట్టి రిమోటు గల్లాపెట్టెలో దాచేశాడు. మామ స్టూలును ఎండలోంచి గాజు తలుపు లోపలికి మార్చారు. ఏసీ గాలి సూటిగా తగిలేది ఆ స్టూలుకే. మామ మెడకు మఫ్లరు చుట్టుకుని, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, చలికాలం ఊరికి పోయినవాడిలా కూర్చునేవాడు.

దీపావళి దగ్గరపడుతున్న ఒక సోమవారం మధ్యాహ్నం మామ స్టూలు దగ్గర నుంచి సర్రుక్, సర్రుక్ అని వినిపించింది. మూడోది ఒట్టి గరగర. నాలుగోది లేనే లేదు. నేను, అన్న ఒకేసారి అటు చూశాం.

మామ తుపాకీని వెల్లకిలా తిప్పి లోపలికి చూస్తున్నాడు. మూడో తూటా గొట్టం నోటి దాకా సగం వచ్చి ఆగిపోయింది. వేలితో కదిపితే బద్ధకంగా జరిగింది. మళ్ళీ నాలుగూ ఎక్కించి లాగాడు. మొదటిది వచ్చింది, రెండోది వచ్చింది, మూడోది రాలేదు.

అన్న కాసేపు చూసి, నన్ను బయటికి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"రేయ్, అది తుపాకీ కాదురా. ఆయన చెయ్యి. పూర్తిగా వెనక్కి లాగట్లేదు. ఎడమ భుజం నొప్పని పోయిన నెలే అన్నాడు, విన్లేదా?"

"ఒకసారికే అట్లంటావేందన్నా?"

"దొంగొచ్చినప్పుడు రెండోసారి లాగుతా ఉండమని చెప్తామా? సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళకి ఫోన్ చేస్తా. శుక్రవారం లోపల సరి కాకపోతే కొత్త మనిషి వస్తాడు."

మేం గుసగుసలాడినా మధ్యలో ఉన్నది గాజు తలుపే. లోపలికి వచ్చేసరికి మామ డమ్మీలు గుడ్డలో చుడుతున్నాడు. ఆయన చుట్టే తీరులోనే తెలిసింది, విన్నాడని.

"పెద్దయ్య చెప్పింది న్యాయమే," అన్నాడు. "భుజం పట్టేస్తా ఉండాది. కానీ చిన్నయ్యా, ఒక్క మాట. పని లేనోడికి తుపాకీ ఎందుకంటారు, లైసెన్సు రెన్యువల్ చెయ్యరు. తుపాకీ లేనోడికి పని ఎవరిస్తారు? రెండూ ఒకటేసారి పోతాయి."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఊరికే పని కల్పించుకుని గోడౌనుకు పోయాను, వచ్చాను, మళ్ళీ పోయాను. ఆయనను ఉద్యోగంలో పెట్టేటప్పుడు జీతం దగ్గర బేరమాడినవాణ్ణి కూడా నేనే. అప్పుడు గడప దాకా వెళ్ళి ఆగింది ఆయన. వెనక్కి పిలిచింది నేను.

మంగళవారం పది దాటాక మామను ఆటోలో ఎక్కించుకుని తుపాకుల కొట్టుకు తీసుకెళ్ళాను. రేకుల వరండా కింద మేస్త్రీ పనిబల్ల. అక్కడ ఫ్యాను కూడా వేడిగాలే విసురుతుంది. మేస్త్రీ నన్ను గుర్తుపట్టాడు, పెదవి చివర్లో నవ్వాడు. లైసెన్సు చూశాడు, తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూశాడు, డమ్మీలను ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య దొర్లించి ఉబ్బాయేమో చూశాడు. తరువాత ఎక్కించి లాగాడు. నాలుగుకి నాలుగు. మళ్ళీ నాలుగు. మామను లాగమన్నాడు. మామ ఊపిరి బిగపట్టి లాగాడు. నాలుగూ బల్ల మీద దొర్లాయి.

"బాగానే ఉంది సార్. ఆడ ఏమైందో నాకెట్ల తెలుస్తుంది? ముందు మూత విప్పి, స్ప్రింగు బయటికి తీసి, గొట్టం లోపల చూస్తే తెలుస్తుంది. విప్పి శుభ్రం చేసి బిగించేదానికి చార్జి ఉంది."

"నడుస్తా ఉందని నువ్వే అన్నావు కదప్పా. నడిచేదాన్ని విప్పేదానికి చార్జి ఎందుకు?"

"నడిచేది ఈడికెందుకు తెచ్చినారు సార్ మరి?"

నా కాళ్ళు వాటంతటవే చెప్పులు వెతుక్కున్నాయి. మామ నా వైపు చూశాడు. విప్పించండి అని నోరు తెరిచి అడగలేదు. అడిగే మనిషి కాదు. "బాగుందంటా ఉండాడు కదా, పోదాం రండి," అన్నాను. దారిలో ఆటోవాడితో కూడా తగ్గించుకున్నాను. అంత పని జరిగిన రోజు ఆ పావుగంట గెలుపు నాకెందుకో ఇప్పటికీ తెలియదు.

కొట్టు చేరగానే అన్న ముందు లాగి చూపించాడు మామ. నాలుగూ వచ్చాయి. అన్న తలూపాడు. నేను టీ తెప్పించాను. సాయంత్రం నాలుగింటికి పక్క కొట్టాయన వస్తే, అన్న ముచ్చటపడి "ఏదీ మామా, ఒకసారి చూపించు," అన్నాడు. మామ అసలు తూటాలు బీరువాలో పెట్టించి, డమ్మీలు ఎక్కించాడు. సర్రుక్. సర్రుక్. గరగర.

బుధవారం అన్న పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి చూడమన్నాడు. పొద్దున మామ ఇంటి నుంచి వచ్చీ రాగానే నాలుగుకి నాలుగు. మధ్యాహ్నం రెండు దాటాక మూడోది ఇరుక్కుంది.

"చూసినావా?" అన్నాడు అన్న నా చెవిలో. "పొద్దున బలం ఉంటది. మధ్యాహ్నానికి అలిసిపోతాడు. నేను చెప్పిందే కదా?"

నేను తుపాకీ తీసుకుని నా చేత్తో లాగి చూశాను. నాకూ మూడోదే ఇరుక్కుంది. "నాకూ రావట్లేదన్నా!" అన్నాను ఎంతో సంబరంగా. అన్న తుపాకీ వైపు కాక నా చేతుల వైపు చూసి నవ్వాడు. "నీకు రాకపోతే అది ఒక సాక్ష్యమా? నువ్వు సైకిలుకు గాలి కొట్టినా ఇంకొకరు వచ్చి కొట్టాలి." కొట్టులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మామ కూడా నవ్వాడు. ఆ నవ్వులో నా మాట కొట్టుకుపోయింది. తప్పు తన చేతిదేనని మామ నమ్మేశాడు. అదే నాకు మింగుడు పడలేదు.

"ఇంటికాడ ఎన్నిసార్లు లాగినా వస్తా ఉండాది చిన్నయ్యా," అన్నాడు నాతో, స్టూలు మీద కూర్చుని భుజం నొక్కుకుంటూ. "ఈడికొచ్చి పెద్దయ్య ముందర నిలబడితే చెయ్యి రాదు. భయమేమో. మిలిటరీలో భయపడనోడికి ఈడ, వెండి గిన్నెల మధ్యన భయమేందో."

"నూనె బాగా వేస్తా ఉండావా మామా?"

"నూనెకేం తక్కువ? రెండింతలు పోస్తా ఉండా. సోమారం సాయంత్రం పోసినా, నిన్నా పోసినా."

నేను "మంచిది" అన్నాను. అడిగినవాణ్ణీ నేనే, మంచిదన్నవాణ్ణీ నేనే.

ఆ సాయంత్రం గోడౌను నుంచి వస్తూ బస్టాపులో మామను చూశాను. సంచి భుజానికి ఉంది. చేతిలో మడిచిన గొడుగు. గొడుగు పిడిని కుడిచేత్తో నడుము దగ్గర పట్టుకుని, ఎడమచేత్తో గుడ్డ మీదుగా వెనక్కి లాగుతున్నాడు, ముందుకు తోస్తున్నాడు. వెనక్కి, ముందుకు. పక్కన నిలబడ్డ ఒకావిడ కొంచెం దూరం జరిగింది. ఆయనకు తెలియలేదు. పెదవులతో లెక్కపెట్టుకుంటున్నాడు. నేను పలకరించకుండా జార్జి టౌన్ వైపు తిరిగి, పని లేని సందుల్లో తోపుడుబళ్ళ మధ్య అరగంట నడిచాను.

గురువారం పొద్దున స్నానానికి పోతుంటే మా ఆవిడ పడకగదిలోంచి నూనె సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది కొంచెం ఎండలో పెట్టండి. ఏసీ వేసి పడుకుంటాం కదా, గడ్డకట్టింది."

సీసాలో నూనె తెల్లగా, నెయ్యిలా ఉంది. తిప్పి పట్టుకున్నాను. ఒక్క చుక్క కదల్లేదు. నేనూ కదల్లేదు.

"ఏం చూస్తా ఉండారు? ఎప్పుడూ చూడలేదా?"

ప్రతి మార్గశిరంలోనూ చూస్తూనే ఉన్నాను. మద్రాసులో పుట్టినవాడికెవడికి తెలియదు! పిట్టగోడ మీద పెట్టాను. వెనక అమ్మ ఏదో అంటోంది, చెవికెక్కలేదు. పది నిమిషాలకు సీసా అంచున కరిగిన నూనె సన్నటి గీతలా కనిపించింది, తెల్ల ముద్ద అంచు వదిలి కదిలింది. ఎండలో ఆటోలో తిరిగొచ్చాక నాలుగు తూటాలు. రేకుల కింద నాలుగు. ఇంటి నుంచి వచ్చిన పొద్దున నాలుగు. ఏసీ కింద రెండు గంటలు కూర్చున్నాక రెండే. స్ప్రింగు మొదటి రెండు తూటాలను బలంగా తోసి, గొట్టం చివరికి వచ్చేసరికి దాని పట్టు తగ్గి, ఆ పేరిన నూనెలో కూరుకుపోతోంది. రాకపోయేసరికి మామ ఇంకా పోశాడు. నేను మంచిదన్నాను.

ఇక్కడ నా గురించి నిజం రాయాలి. నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పేయాలని కాదు. ఎవరికీ తెలియకుండా కడిగించేయాలని. మేస్త్రీకి అడిగినంతా ఇచ్చి విప్పించి, తుడిపించి, అసలు నూనె వేయించి తెస్తే మధ్యాహ్నం పరీక్షలో నాలుగుకి నాలుగు వస్తాయి. మామ ఉద్యోగం నిలుస్తుంది, నా పరువూ నిలుస్తుంది. పైగా బాగుచేయించిన పుణ్యం నాకే. రెండువైపులా లాభం వచ్చే బేరం చూసి నేను వదిలిందెప్పుడు?

మామను తీసుకుని మళ్ళీ మౌంట్ రోడ్డు. "విప్పు, ఎంతైనా సరే," అన్నాను. మేస్త్రీ అనుమానంగా చూశాడు. నేను తగ్గించమనకపోవడమే ఆయనకు వింతగా ఉన్నట్టుంది. ముందు మూత తిప్పి తీశాడు. పొడుగాటి స్ప్రింగు జిడ్డుతో బయటికి వచ్చింది. గొట్టంలోకి పుల్లకు చుట్టిన గుడ్డ పోనిచ్చి తీస్తే, గుడ్డ తడిసి జిగటగా, దాని మీద నలకలు. వేడికి అప్పటికే కరిగిపోయింది కానీ మూత మరల సందుల్లో తెల్లటి పొర ఇంకా మిగిలే ఉంది. మేస్త్రీ దాన్ని గోటితో తీసి, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం పెద్దాయనా, తుపాకీకి తలంటు పోసినావా? ఇది తలకు పెట్టే కొబ్బరి నూనె."

మామ లేచి నిలబడ్డాడు. "నోరు జాగ్రత్తప్పా. మిలిటరీలో తుడిచిన చెయ్యి ఇది. కొబ్బరి నూనె ఎట్ల పోస్తాను? మా చిన్నయ్య ఈణ్ణుంచే కొనుక్కొచ్చి ఇచ్చిన అసలు నూనె. కావాలంటే డబ్బా తెచ్చి చూపిస్తా. ఏం చిన్నయ్యా, చెప్పండి."

మేస్త్రీ నా వైపు తిరిగాడు. ఆ రోజు నేను కొనకుండా మెట్లు దిగిన సంగతి ఆయనకు బాగా గుర్తుంది. అయినా బయటపెట్టలేదు. మర్యాదస్తుడు. స్ప్రింగు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

నేను చాలా బేరాల్లో మౌనంగా ఉండి గెలిచాను. అక్కడ కాసేపు అదే ప్రయత్నం చేశాను. మామ ఇంకా నా మొహంలోకే చూస్తున్నాడు, నేను సాక్ష్యం చెబుతానని.

"కొనలేదు మామా," అన్నాను. "ధర కుదరలేదు. మా అమ్మ నూనె వడగట్టి పోసి ఇచ్చినా. ఏసీలో గడ్డ కడుతుందని ఆలోచన రాలేదు."

మామ కూర్చున్నాడు. కోపం రావాలని నేను ఎదురుచూశాను. వస్తే సులువుగా ఉండేది. ఆయన ఎడమచేతిని తొడ మీద పెట్టుకుని దాన్నే చూస్తూ అడిగాడు.

"అట్లయితే చెయ్యి బాగుందా?"

"నీ చేతికేం మామా. చేతిది ఏమీ లేదు. అంతా నూనెదే."

"మూడు రోజుల నుంచి మా ఇంటామె భుజానికి కాపడం పెడతా ఉండాది," అన్నాడు.

మేస్త్రీ తుడిచి, కొత్త నూనె రెండే రెండు చుక్కలు గుడ్డ మీద వేసి, స్ప్రింగుకు పూసి బిగించాడు. డబ్బు ఇచ్చి, డబ్బా కొత్తది కొని, వీధిలోకి వచ్చాం. ఆటో కోసం నిలబడ్డప్పుడు మామ అన్నాడు.

"ఈ మాట పెద్దయ్య ముందర చెప్పండి. నేను ఉండంగా."

"తుపాకీ బాగైంది కదా మామా. మధ్యాహ్నం నాలుగూ వస్తే అన్నే చూస్తాడు. రిపేరు చేయించినామని చెప్తాంలే. స్ప్రింగులో మురికి చేరిందని..."

"లేదు."

"పనివాళ్ళంతా ఉంటారు మామా. పోనీ, అన్నకు విడిగా చెప్తా."

"ఒకటే ధర, చిన్నయ్యా."

ఆయన గొంతు పెంచలేదు. గడప దగ్గర ఆగి వెనక నుంచి పిలుపు కోసం చూసే రకం కూడా కాదు, చూపులోనే తెలిసింది. ఆటో వచ్చింది. ఆటోవాడు అడిగినంతకు ఒప్పుకున్నాను, మాట్లాడే ఓపిక లేక.

కొట్టులో అన్న కాక తూకం దగ్గర ఇద్దరు, బిల్లు దగ్గర ఒకామె ఉన్నారు. మామ స్టూలు మీద కూర్చుని, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుచూశాడు. నేను చెప్పాను. ధర కుదరలేదన్న దగ్గర నుంచి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కల దాకా, మొన్న విప్పించకుండా వెనక్కి తెచ్చిన సంగతితో సహా. అన్న మొదట అర్థంకానట్టు చూశాడు. తరువాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"రేయ్, తుపాకీ నూనెలో కూడానా? నాన్న ఉంటే నీకు దండేసి ఊరేగించేవాడు కదరా!"

"నవ్వింది చాలు. కొత్త మనిషి అక్కర్లేదని ఏజెన్సీకి ఫోన్ చెయ్యి," అన్నాను.

అన్న నవ్వు ఆపి మామ వైపు చూశాడు. మనిషి నోరు పెద్దదైనా మనసు చిన్నది కాదు. "మామా, నేను నీ చెయ్యి అనుకున్నా. తప్పు నాది కూడా," అన్నాడు. అని ఊరుకోకుండా గల్లాపెట్టెలోంచి రిమోటు తీసి పదహారుకు తగ్గించాడు. "మధ్యాహ్నం దాకా ఇట్లనే ఉండనీ. అందరి ముందర చూద్దాం."

మధ్యాహ్నం మూడింటికి బిల్లు దగ్గరామె చున్నీ కప్పుకుని వణుకుతోంది. మామ అసలు తూటాలు బీరువాలో పెట్టించాడు, డమ్మీలు నాలుగూ ఎక్కించాడు. నేను నిలబడలేక గాజు తలుపు బయటికి పోయి, మళ్ళీ లోపలికి వచ్చాను. సర్రుక్. సర్రుక్. సర్రుక్. సర్రుక్. నాలుగూ నేల మీద దొర్లాయి. అన్న చప్పట్లు కొట్టాడు. మామ వంగి వాటిని ఏరుకుని, తుడిచి, గుడ్డలో చుట్టుకున్నాడు. నేను కొన్న కొత్త డబ్బా మూత తీసి, ముక్కు పనిచెయ్యదని తెలిసీ ఒకసారి వాసన చూసి, జేబులో పెట్టుకున్నాడు.

వీధి వీధంతా ఆ సంగతి పాకడానికి రెండు రోజులు పట్టలేదు. ఇప్పటికీ నేను ఏదైనా కొట్టులో ధర తగ్గించమంటే, "సరే, కొబ్బరి నూనె రేటుకు ఇచ్చేయమంటారా?" అంటారు. ఆ మాటకు నేను కూడా నవ్వుతాను. అలవాటైపోయింది. మామ మాత్రం ఆ తరువాత నూనె నన్ను అడగలేదు. ఎక్కడి నుంచో తనే తెచ్చుకుంటున్నాడు. నేను రెండుసార్లు అడిగితే, "ఉండాది చిన్నయ్యా," అన్నాడు, అంతే. సోమవారాల్లో నాలుగూ వస్తున్నాయి. నేను గోడౌనులో ఉన్నా సరే ఆ వేళకు కొట్టుకు వచ్చేస్తాను. వచ్చి ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ చెవి అటే పెడతాను.

వానలు పట్టాక ఒక సాయంత్రం అదే బస్టాపు ముందు నుంచి పోతున్నాను. వాన అప్పుడే వెలిసింది. రేకు అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మామ గొడుగు మడిచి ఉంది. పిడి నడుము దగ్గర, ఎడమచెయ్యి గుడ్డ మీద. ఒకసారి లాగాడు, రెండోసారి లాగాడు. మూడోసారి లాగేముందు ఒక్క క్షణం ఆగి, భుజం వైపు చూసుకున్నాడు.